ఇంకో డివిజన్ కావాలి బావగారూ!

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. మీరూ, అక్కా కులాసా అని తలుస్తాను. కులాసా కబుర్లు అయిపోయాయి, ఇక పోట్లాటకి వస్తున్నాను.

నిన్న పొద్దున లాండ్రీ తలుపు తీసేసరికి గుమ్మంలో మీ ఫుట్‌బాల్ లీగు ఆఫీసు కవరు పడి ఉంది. మనసులో ఏదో మంచి వార్తే అనుకున్నాను. విప్పి చూస్తే, "మీ జట్టు నాలుగో డివిజన్‌లో ఆఖరి స్థానంలో నిలిచినందున కింది డివిజన్‌కి దించడమైనది" అని ఉంది. కింద సంతకం చూద్దును కదా, మీదే! పైగా రిజిస్ట్రారు అని రబ్బరు స్టాంపు. వెంటనే ఫోన్ చేశాను. "లీగు విషయమైతే రాసి పంపు" అని ఠక్కున పెట్టేశారు. అందుకే రాస్తున్నాను.

ఆఖరున వచ్చామన్నది నిజమే బావగారూ, అందులో వాదన లేదు. ఏడాదంతా ఆడి ఒక్కటీ గెలవలేదు. ఒక ఆట మాత్రం సమానం చేశాం, అదీ అవతలి జట్టు బస్సు దారిలో చెడిపోయి సగం మందే వచ్చారు గనక. కానీ ఈ లీగు మొత్తానికి ఉన్నవే నాలుగు డివిజన్లు. మేం ఉన్నది నాలుగోది. మేడ మీద ఉన్నవాణ్ని దిగమంటే మెట్లు దిగుతాడు. నేల మీద నిలబడ్డవాణ్ని దిగమంటే ఎక్కడికి దిగాలి, నూతిలోకా?

మీకు ఇది కాగితం. మాకు మైదానం. లాండ్రీ వెనక ఉన్న ఆ నేల టౌను ఆఫీసువాళ్లది. గుర్తింపు ఉన్న లీగులో ఆడుతున్నన్నాళ్లూ మీరే వాడుకోండి అన్నారు. లీగులోంచి పోయిన మర్నాడే దాన్ని లారీల స్టాండు చేస్తారు. మా జట్టులో ఎవరెవరున్నారో మీకు తెలియనిదా! మా ఇస్త్రీ బల్లల దగ్గర పనిచేసేవాళ్లు, ఎలక్ట్రీషియన్, టాక్సీ డ్రైవర్లిద్దరు, బడి డ్రిల్లు మాస్టారు, గోల్‌కీపర్‌గా టైలరు. బంతి తన చేతికి ఎన్ని అంగుళాల దూరంలోంచి పోయిందో చెప్పడంలో మా టైలరుని మించినవాడు మీ నాలుగు డివిజన్లలోనూ లేడు. వీళ్లంతా సాయంత్రమైతే ఎక్కడికి పోవాలి?

మేం ఏ డివిజన్‌కి దిగాలో దయచేసి తెలియజేయండి. దిగడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
మీ బావమరిది
(లాండ్రీ జట్టు కార్యదర్శి)

తా.క.: అక్క పంపిన దుప్పట్లు ఉతికి బస్సులో వేశాను. ఒక తలగడ గలీబులో మీ కళ్లజోడు దొరికింది. గలీబుతో పాటు అదీ ఉతికాను. ఈసారి నోటీసుల మీద సంతకం పెట్టేముందు అది పెట్టుకుని చదవండి.

* * *

లాండ్రీ జట్టు కార్యదర్శి గారికి,

లీగు రిజిస్ట్రారు రాయునది. మీ ఉత్తరం అందినది. ముందుగా ఒక మాట. ఈ కుర్చీలో ఉన్నంతసేపూ నేను ఎవరికీ బావని కాను. ఇంటికి వెళ్లాక అవుతాను.

ఇక విషయం. ప్రతి డివిజన్‌లోనూ మొదట వచ్చిన జట్టు పైకి ఎక్కుతుంది, ఆఖరున వచ్చిన జట్టు కిందికి దిగుతుంది. లీగు పుట్టినప్పటినుంచీ ఇదే పద్ధతి. ఇన్నేళ్లూ నాలుగో డివిజన్‌లో ఏటా ఏదో ఒక జట్టు తనంతట తానే చేతులెత్తేసేది కాబట్టి ఆఖరి జట్టుని దించే అవసరం రాలేదు. ఈ ఏడు ఒక్కరూ మానలేదు. రూలు మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఒకరు దిగాలి. ఆ ఒకరు మీరు. కింద డివిజన్ ఉందా లేదా అన్నది మా ఆఫీసు పరిధిలోకి రాదు.

కింద ఇంకోటి పెట్టమని అడుగుతావేమో, ముందే చెబుతున్నాను. అయిదో డివిజన్ పెట్టాలంటే కనీసం నాలుగు జట్లు ఉండాలి. ఒక్కో జట్టుకీ ఒక్కో రంగు జెర్సీ ఉండాలి. ఆటగాళ్లు బట్టలు మార్చుకోవడానికి మైదానం పక్కనే చోటుండాలి. కార్యవర్గం స్వయంగా వచ్చి జట్లని కళ్లారా చూసి నివేదిక రాయాలి. దాని మీద నా సంతకం పడాలి. అలా పెడితే అందులో మొదట వచ్చినవాళ్లు మళ్లీ నాలుగో డివిజన్‌కి ఎక్కవచ్చు. కానీ ఇదంతా నీ వల్ల అయ్యే పని కాదు. కుదరదు. కలలో కూడా అనుకోకు.

ఇట్లు,
రిజిస్ట్రారు

తా.క.: ఒరే తమ్ముడూ, నేను అక్కని. పోస్టులో వెయ్యమని కవరు నా చేతికిచ్చారు, ఊరుకోలేక విప్పాను. "కార్యదర్శి గారికి" అట! మొన్నటిదాకా నిన్ను ఇస్త్రీపెట్టె అని పిలిచిన మనిషి! మొదటి పేరాలో "గారూ, మీరూ" అని మొదలెట్టి చివరికి "నువ్వు"లోకి దిగిపోయారు చూడు. నీ జట్టు కంటే ఈయనే తొందరగా దిగారు.

* * *

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం చేరింది. చదివి కళ్లు చెమర్చాయి. మీ మనసు వెన్న అని మా అమ్మ అంటుంటే నమ్మేవాణ్ని కాదు, ఇప్పుడు నమ్ముతున్నాను.

పైకి మీరు "కుదరదు" అనే రాశారు. అనక తప్పదు కదా, ఆఫీసు కుర్చీ! కానీ నిజంగా వద్దనుకునే మనిషి ఏమేం కావాలో అంత వివరంగా రాస్తాడా? ఎన్ని జట్లు, ఏం జెర్సీలు, ఎక్కడ బట్టలు మార్చుకోవాలి, ఎవరొచ్చి చూడాలి, అంతా పూసగుచ్చినట్టు చెప్పారు. మిమ్మల్ని నేనెరగనా! ఈ లాండ్రీ పెడతానన్నప్పుడు మీరేమన్నారు? "ససేమిరా వద్దు, ములిగిపోతావు" అన్నారు. మర్నాడు పొద్దున్నే నిచ్చెనెక్కి బోర్డుకి రంగు వేసింది ఎవరు? మేం ఇల్లు మారినప్పుడు "నాకు నడుం నొప్పి, రాను" అన్నారు. అందరికంటే ముందొచ్చి బీరువా భుజాన వేసుకున్నది ఎవరు? మీ నోట "వద్దు" వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే. ఆ ధైర్యంతోనే వెంటనే రంగంలోకి దిగాను.

శుభవార్త. నాలుగు జట్లూ సిద్ధం! మేం ఒకటి. బేకరీవాళ్లు రెండు. వాళ్లు తెల్లారకముందే పనిలోకి దిగి మధ్యాహ్నానికి ఖాళీ అవుతారు, పొయ్యిల దగ్గర ఉడికి ఉడికి గాలి కోసం అల్లాడుతుంటారు. ఆస్పత్రివాళ్లు మూడు. వార్డుల్లో స్ట్రెచర్లు తోసేవాళ్లు, పరుగులో వాళ్లని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. టైర్ల షాపులవాళ్లు నాలుగు. వాళ్ల మేస్త్రి మాత్రం ఒక చిక్కు ప్రశ్న వేశాడు. "మరి అయిదో డివిజన్‌లో ఆఖరున వచ్చినవాళ్లు ఎక్కడికి పోతారు?" అని. ఆ సంగతి మా బావగారు చూసుకుంటారని చెప్పాను.

బట్టలు మార్చుకోవడానికి మా ఆరవేసే షెడ్డు ఉంది. దానికి ఇటో తలుపు, అటో తలుపు. లోపల బాయిలరు ఆవిరి. ముడతలు పడ్డ మనిషి ఇటునుంచి వెళ్తే అటునుంచి నున్నగా బయటికొస్తాడు.

ఇక మీరు కార్యవర్గాన్ని తీసుకురావడమే తరువాయి.

ఇట్లు,
మీ ఆశీస్సులు పొందిన
బావమరిది

తా.క.: "కలలో కూడా అనుకోకు" అన్న మాట అద్భుతం. మా జట్టుకి చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టారు. ఎలక్ట్రీషియన్ దాన్ని అట్టముక్క మీద రాసి గోలు స్తంభానికి కట్టాడు.

* * *

కార్యదర్శికి,

నేను నిన్ను ఆశీర్వదించలేదు! నీ ఉత్తరం చదువుతుంటే నా తల ప్రాణం తోకకొచ్చింది. కుదరదు అంటే కుదరదు అనే అర్థం. నిఘంటువులో చూసుకో.

నువ్వు ఊరంతా చాటింపు వేసిన ఫలితం విను. నిన్న మా కోశాధికారి అందరి ముందూ, "రిజిస్ట్రారు గారు బావమరిదికి సొంతంగా డివిజన్ కట్టిస్తున్నారట, గృహప్రవేశం ఎప్పుడో?" అన్నాడు. గదిలో అందరూ పకపకా నవ్వారు. ఇన్నేళ్లుగా ఈ ఆఫీసులో నా మీద ఒక్క మాట పడలేదు. నా తల ఎక్కడ పెట్టుకోవాలి?

అంతటితో అయితే బాగుండు. ఆ నవ్వులకి మా అధ్యక్షుడు గారు గదిలోకి వచ్చారు. ఆయన ఒకప్పుడు పేరున్న రిఫరీ. ఇప్పటికీ మెడలో విజిల్ లేకుండా కనపడరు. చెవి సరిగా వినపడదు, చూపు సరిగా ఆనదు, కానీ తనకి నచ్చిన మాట మాత్రం ఎంత దూరాన ఉన్నా వినపడుతుంది. "అయిదో డివిజనా? ఎన్నాళ్లకి నాయనా! కొత్త జట్లు పుట్టి ఎంత కాలమైంది!" అని మురిసిపోయి, వచ్చే ఆదివారం మీ మైదానం చూడటానికి వస్తానన్నారు. నేను వద్దన్నాను. "తప్పకుండానా? సరే అయితే" అన్నారు.

కాబట్టి ఆయనా, కోశాధికారీ, నేనూ, కార్యవర్గం ముగ్గురం వస్తున్నాం. రూలు ప్రకారం చూస్తాం, రూలు ప్రకారం కాదంటాం. ఈ ఉత్తరంలో ఏ వాక్యాన్నీ తిరగేసి చదవొద్దు. నీకు దండం పెడతాను.

ఇట్లు,
రిజిస్ట్రారు

తా.క.: అక్కని. ఈయన నీ ఉత్తరాన్ని ఆఫీసులో గుమాస్తా అమ్మాయికి పెద్దగా చదివి వినిపించి తిట్టారట. బాగానే ఉంది. భోజనాలయ్యాక మళ్లీ చదివి వినిపించారట, అది ఎందుకో ఆ అమ్మాయికి అర్థం కాలేదంది. ఆదివారానికని ఈయన తెల్లచొక్కాలు బస్సులో పంపుతున్నాను. గంజి గట్టిగా పెట్టు, పెద్దమనుషుల్లో నిలబడాలి.

* * *

పూజ్యులైన బావగారికి,

కొంప మునిగింది.

మొదటినుంచీ చెబుతాను, మధ్యలో కోపం తెచ్చుకోకండి. అధ్యక్షుడు గారు వస్తున్నారని నాలుగు జట్ల జెర్సీలూ నేనే ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తానన్నాను, ఊరికే. బేకరీవాళ్లది మీగడ రంగు. ఆస్పత్రివాళ్లది మరీ లేత బూడిద రంగు. టైర్ల షాపువాళ్లది తెలుపు. రోజంతా గ్రీజులో మునిగేవాళ్లు తెలుపు ఎందుకు కోరుకున్నారో వాళ్లకే తెలియాలి, లాండ్రీవాడిగా నేను కాదనలేదు. మాది కొత్త ఎరుపు.

నేను బుద్ధెరిగాక తెల్లబట్టలూ రంగుబట్టలూ కలిపి ఉతికిన పాపాన పోలేదు. కానీ ఏం చెప్పను! మావి ముందు ఉతకాలంటే మావి ముందు అని బేకరీ మేనేజరూ, టైర్ల మేస్త్రీ కౌంటరు దగ్గర గొంతులు చించుకున్నారు. ఆస్పత్రి వార్డు బాయ్ మధ్యలో దూరి, అత్యవసర కేసులు ఎప్పుడూ ముందు అన్నాడు. ఇంకా లీగు మొదలే కాలేదు, అప్పుడే పక్షపాతం అన్న మాట పడితే ఎలా? మీ బావమరిదిని కదా, నాకూ రూలంటే రూలే. అందరినీ సమానంగా చూడాలని అన్నీ ఒకేసారి పెద్ద మిషన్లో వేశాను.

అందరూ సమానంగానే వచ్చారు. గులాబీ రంగులో.

టైర్ల మేస్త్రి జెర్సీని పైకెత్తి చూసి, "మమ్మల్నందరినీ నీ జట్టులో కలిపేసుకుందామని చూశావా?" అని మండిపడ్డాడు. ఎంత బతిమాలినా వినలేదు. మేం లీగులో లేము, ఏమీ లేము అని జెర్సీల మూట అక్కడే పడేసి పోయాడు. అంటే ఇప్పుడు ఉన్నవి మూడు జట్లే. రంగులు మార్చడానికి టైము లేదు. మా ఎరుపు కూడా కారి గులాబీ అయింది గానీ, ఎండలో దగ్గరగా చూస్తే మూడింటికీ ఛాయలో కాస్త తేడా ఉంది బావగారూ. మా టైలరు కనిపెట్టగలడు.

అయినా మీరు రండి. వచ్చి చూడండి. ఆడేవాళ్లని చూశాక కూడా వద్దనిపిస్తే అప్పుడు అనండి.

ఇట్లు,
మీ దురదృష్టపు
బావమరిది

తా.క.: మీ తెల్లచొక్కాలు కూడా ఆ మిషన్లోనే ఉన్నాయి. గంజి మాత్రం అక్క చెప్పినట్టే గట్టిగా పెట్టాను.

* * *

కార్యదర్శికి,

ఆదివారం నువ్వు షెడ్డులో టీలు కాచే హడావిడిలో ఉండి జరిగిందంతా చూడలేదు కాబట్టి, నువ్వు నా నెత్తికి ఏం తెచ్చిపెట్టావో రాస్తున్నాను.

అధ్యక్షుడు గారు షెడ్డు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ముందు బేకరీవాళ్లూ ఆస్పత్రివాళ్లూ కాసేపు ఆడారు. తర్వాత మీవాళ్లు దిగారు. ఒకరు ఇటు తలుపులోంచి షెడ్డులోకి పోవడం, ఇంకొకరు అటు తలుపులోంచి రావడం. అందరూ గులాబీ రంగే. పెద్దాయన వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టారు. "ఇది ఒక జట్టు. ఇది రెండోది. ఓహో, ఇది ఇంకోటి" అంటూ పోతున్నారు. నేను చెవిలో అరిచి చెప్పేలోపు మీ డ్రిల్లు మాస్టారు తన్నిన బంతి నేరుగా ఆయన తల మీదికి వచ్చింది. నేను ఊరుకోగలనా? పరుగెత్తుకెళ్లి దాన్ని కాలితో కొట్టాను. నా ఖర్మ కాలి అది వెళ్లి గోల్లో పడింది.

పెద్దాయన లేచి నిలబడి విజిల్ ఊదారు. "గోల్! నాలుగో జట్టు కెప్టెన్ ఈయనేనా? కాస్త వయసు మీద పడింది గానీ కాలు మంచి కాలు!" అన్నారు. నన్ను రోజూ చూసే మనిషే. తెల్లచొక్కాలో తప్ప ఎప్పుడూ చూడలేదు, నువ్వు పంపిన గులాబీ చొక్కాలో పోల్చుకోలేదు, అదీ సంగతి. మా కోశాధికారి పొట్ట పట్టుకుని నవ్వుతూ, "అవునండీ ఆయనే" అన్నాడు.

ఇప్పుడు నా బల్ల మీద నివేదిక ఉంది. "నాలుగు జట్లు స్వయంగా చూసితిమి. నాలుగో జట్టు కెప్టెన్ ఉత్సాహవంతుడు" అని ఉంది. పెద్దాయన సంతకం పడింది. కోశాధికారి నవ్వుతూనే పెట్టేశాడు. శనివారం సమావేశంలో నా సంతకం కూడా పడితే మీకు డివిజన్ వచ్చినట్టే. మైదానం దక్కినట్టే. అది నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. నేను పెట్టను. నాలుగో జట్టు లేదు. లేనిదాన్ని ఉందని నేను సంతకం పెట్టను, నువ్వు కాదు కదా ఎవరడిగినా పెట్టను. ఇలా రాయడం నాకూ బాధగానే ఉంది. అయినా ఈ వద్దు, వద్దే.

ఇట్లు,
రిజిస్ట్రారు

తా.క.: అక్కని. మనిషి సరిగా తినడం లేదురా, ఇల్లంతా పచార్లు చేస్తున్నారు. గోలు సంగతి మాత్రం రోజూ చెబుతున్నారు. ఆదివారం సాయంత్రం చెప్పినప్పుడు బంతి మోకాలెత్తున పోయింది. ఈ పొద్దున చెప్పినప్పుడు షెడ్డు కప్పు దాటింది.

* * *

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మా జట్టువాళ్లందరికీ చదివి వినిపించాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాగని ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. డ్రిల్లు మాస్టారైతే, "ఆయన పెట్టనన్నాడంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది" అన్నాడు.

ఇన్నాళ్లూ మీ వద్దుని నాకు కావలసినట్టు మార్చుకుని చదువుకున్నాను. ఈసారి మార్చలేదు. మీరు వద్దన్నారు, వద్దనే అర్థం చేసుకున్నాను. సంతకం పెట్టకండి. అబద్ధం మీద నిలబడ్డ డివిజన్‌లో గెలిచి పైకెక్కినా మాకు ఆ ఎక్కడం వద్దు. టైర్ల మేస్త్రి కాళ్లావేళ్లా మరోసారి పడ్డాను. లాభం లేకపోయింది.

నిన్న టౌను ఆఫీసునుంచి ఇద్దరొచ్చి టేపుతో నేల కొలుచుకుపోయారు. లారీలు ఎటునుంచి రావాలి, ఎటు తిప్పాలి అని మాట్లాడుకుంటున్నారు. మా టైలరు గోలు స్తంభాల మధ్యే నిలబడి వాళ్ల టేపు వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ కొలత తప్పని తర్వాత నాతో అన్నాడు. కానీ వాళ్లకి చెప్పలేదు, చెప్పి ఏం లాభం అన్నాడు.

బావగారూ, నేను ఆడనని మీకు తెలుసు, నా మోకాలు సహకరించదు. కానీ సాయంత్రం లాండ్రీ కట్టేసి ఆ వెనక గేటు తీస్తాను చూడండి, అందాకా ఇస్త్రీ బల్ల దగ్గర ఉసూరుమంటూ ఉన్నవాళ్లు ఒక్కసారి పొలోమని పరుగెడతారు. ఓడిపోతారని తెలుసు. అయినా నాకు చాలా సంతోషంగా ఉంటుంది. పోయిన ఆదివారం బేకరీవాళ్లూ, ఆస్పత్రివాళ్లూ కూడా అలాగే పరుగెత్తారు. అందరివీ ఒకే రంగు చొక్కాలు కదా, సగంసేపు ఎవరికి ఎవరు బంతి ఇస్తున్నారో వాళ్లకే తెలియలేదు. మైదానం అంతలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. అది పోతోందంటే దుఃఖం వస్తోంది. అంతే, ఇంకేం లేదు.

మీరు భోజనం మానకండి. మీ తప్పేం లేదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: మీ చొక్కాలు వెనక్కి పంపండి. రెండుసార్లు నానబెడితే మళ్లీ తెల్లబడతాయి. పూర్తిగా కాదు, పెళ్లిళ్లకి వేసుకునేంత.

* * *

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. ఇది ఆఫీసు ఉత్తరమే, ఆఫీసు బల్ల మీదే రాస్తున్నాను. అయినా బావగానే రాస్తున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. ఎన్నాళ్లుగానో నా మాటల్ని తిరగేసి చదువుతున్నావని నాకు ఒళ్లు మండిపోయేది. తీరా నువ్వు నా వద్దుని వద్దుగానే చదివావు చూడు, అది నేను తట్టుకోలేకపోయాను. వీడు ఈసారి కూడా ఎప్పట్లాగే చదివి ఉంటే ఎంత బాగుండు అనిపించింది. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. మీ అక్క చూసింది కాబట్టి దాచి లాభం లేదు.

శనివారం సమావేశంలో లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. జట్లు మూడే అని, నాలుగోది లేదని, ఆ కెప్టెన్ నేనేనని, చొక్కా రంగు మా బావమరిది పుణ్యమని. అధ్యక్షుడు గారు కళ్లు చికిలించి నా మొహంలోకి చూసి, "మరి ఆ గోలు?" అన్నారు. "గోలు నిజమేనండీ" అన్నాను. "గోలు నిజమైనప్పుడు జట్టుని నిజం చెయ్యడానికి నీకేం రోగమయ్యా?" అన్నారు.

అలవాటు కొద్దీ నా నోటంట "కుదరదు" అనే వచ్చింది. అందరి ముందూ గట్టిగానే అన్నాను. గుమాస్తా అమ్మాయి అది వినీ వినగానే కాగితం తీసి పేర్లు రాయడం మొదలుపెట్టింది. ఈ ఆఫీసులో కూడా నన్ను అందరూ నీలాగే చదువుతున్నారని నాకు ఆ పూటే తెలిసింది.

సాయంత్రానికి జట్టు తయారైంది. ఆ అమ్మాయి పేరే మొదటిది. చిన్నప్పుడు అన్నదమ్ములతో ఆడేదట, బంతి కాలికి తగిలితే వదలదు. ఆటగాళ్లు మగవాళ్లే అయి ఉండాలని రూలు పుస్తకంలో ఎక్కడా లేదు, నేనే చూశాను. తర్వాత వాచ్‌మన్, వ్యాను డ్రైవరు, పట్టికలు అచ్చువేసే ప్రెస్సువాళ్లు, పని తగ్గిన రిఫరీలు ముగ్గురు. ఈ రిఫరీలతో ఒక్కటే చిక్కు, సొంత జట్టు తప్పుకే ముందు విజిల్ ఊదుతారు. జెర్సీలు ఆకుపచ్చ. బేకరీవాళ్లూ ఆస్పత్రివాళ్లూ కూడా వేరే రంగులు కొనుక్కుంటామని రాసి ఇచ్చారు. వాటిని నీకు ఉతకడానికి ఇవ్వకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇప్పుడు నాలుగు జట్లూ ఉన్నాయి, నాలుగోదాన్ని కూడా కార్యవర్గం కళ్లారా చూసింది. అది నిజం. నిజం కాబట్టి సంతకం పెట్టాను. టౌను ఆఫీసుకి కాపీ నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. మైదానం మీదే. లారీలు వేరే చోటు వెతుక్కుంటాయి.

నేను ఆడే డివిజన్‌కి నేనే రిజిస్ట్రారుగా ఉండటం తప్పు. అందుకని ఆ కాగితాలన్నీ మా కోశాధికారి చేతిలో పెట్టాను. నెత్తీ నోరూ బాదుకున్నాడు. నువ్వు సందేహాలన్నీ ఇకనుంచి ఆయనకే రాయి, విడివిడిగా, వివరంగా.

మొదటి ఆట వచ్చే ఆదివారం, మీ మైదానంలో, మీకూ మాకూ. ఏడాది చివర మొదట వచ్చినవాళ్లే మళ్లీ నాలుగో డివిజన్‌కి ఎక్కుతారు. మిమ్మల్ని దించిన కాగితం మీద సంతకం నాది. మీరు ఎక్కే రోజు మైదానంలో నిలబడి చూడాలని నాకు నిజంగా ఉంది. కానీ బావమరిదివని ఊరికే వదిలిపెడతానని మాత్రం అనుకోకు. మా గోల్లో నేనే నిలబడుతున్నాను. ఒక్క గోలు కూడా ఇవ్వను. ఇవ్వనంటే ఇవ్వను!

ఇట్లు,
మీ బావ

తా.క.: ఒరే, అక్కని. ఆఖరి వాక్యం చదివావుగా, ఇక నేను వేరే చెప్పాలా! మీ టైలరుకి కూడా చెప్పు, ధైర్యంగా ఉండమని. ఆదివారం నేనూ వస్తున్నాను. ఎవరి వైపు కూర్చోవాలా అని రెండు రోజులు ఆలోచించి తేల్చుకున్నాను. మొదటి సగం నీ వైపు, రెండో సగం ఈయన వైపు. కొట్టేవేవో మొదటి సగంలోనే కొట్టెయ్యండి.